చమురు బండి కొండెక్కుతుంటే కెమెరా ఏం చూస్తుంది?

ఒక గూడ్సు బండి తన తోక మీదుగా తానే వెళ్లే చోటు ఒకటి ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, బేకర్స్‌ఫీల్డ్, మొహావీ పట్టణాల మధ్యనున్న టెహాచపి కొండల్లో రైలు పట్టాలు ఒక గుట్ట చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగి, మొదట వచ్చిన దారినే పైనుంచి దాటుతాయి. బండి తగినంత పొడవుగా ఉంటే, ముందున్న ఇంజిన్లు సొరంగం నెత్తి మీదుగా పోతున్న క్షణంలోనే వెనకనున్న వ్యాగన్లు కింద ఆ సొరంగంలోకి దూరుతూ ఉంటాయి. రైళ్లను ఫొటో తీసేవాళ్లు దశాబ్దాలుగా అక్కడ గంటల తరబడి కాచుకుని కూర్చునేది ఆ క్షణం కోసమే.

దీన్నే టెహాచపి లూప్ అంటారు. సదరన్ పసిఫిక్ రైల్వే కోసం 1874-76 మధ్య కట్టారు. పనిచేసినవాళ్లలో అత్యధికులు చైనా నుంచి వచ్చిన కూలీలు. పలుగు, పార, మందుగుండు, గుర్రపు బండ్లతోనే కొండను తొలిచారు. లూప్ చుట్టుకొలత సుమారు 1,152 మీటర్లు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి పట్టాలు 23 మీటర్ల ఎత్తుకు చేరతాయి. 23ని 1,152తో భాగిస్తే 0.02. అంటే వాలు 2 శాతం. మన రైల్వే భాషలో చెప్పాలంటే 50కి 1. డార్జిలింగ్ వెళ్లినవాళ్లు బతాసియా లూప్‌లో ఇదే ఉపాయాన్ని బొమ్మరైలు స్థాయిలో చూసి ఉంటారు. నేరుగా ఎక్కలేని ఎత్తును చుట్టు తిరిగి, దూరం పెంచుకుని ఎక్కడమే ఇందులోని కిటుకు.

2 శాతం అనగానే అదేం పెద్ద ఎత్తు అనిపిస్తుంది. మన ఊళ్లో ఫ్లైఓవర్ ఎక్కే దారి అంతకన్నా ఏటవాలుగా ఉంటుంది. కోణంగా చెబితే ఒక డిగ్రీ కన్నా కాస్త ఎక్కువ. కంటికి దాదాపు సమతలంగానే కనిపిస్తుంది. కానీ ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి అది చాలా పెద్ద కొండ. కంటికి ఆనని ఆ రెండు శాతాన్ని ఫొటోలో చూపించడమే ఇక్కడి అసలు పని. అందుకు చమురు బండి కన్నా మంచి కొలబద్ద దొరకదు.

ఎందుకు చమురు బండే?

మామూలు గూడ్సు బండిలో పెట్టె వ్యాగన్లు, కంటైనర్లు, బల్లపరుపు బండ్లు కలగలిసి ఉంటాయి. ఎత్తులు వేరు, రంగులు వేరు. చమురు బండి అలా కాదు. మొదటి నుంచి చివరి వరకు ఒకే కొలత సిలిండర్లు వరుసగా ఉంటాయి. అందుకే ఫొటోలో వ్యాగన్ల పైఅంచును కలుపుతూ పోయే గీత పట్టాల వంపును, ఎత్తును ఉన్నదున్నట్టు గీసి చూపిస్తుంది. గ్రాఫు కాగితం మీద వక్రరేఖ గీసినట్టే.

1980లలో టెహాచపి మీద ఇలాంటి బండి ఒకటి బాగా పేరు పడింది. బేకర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల బావుల్లో దొరికే చిక్కటి ముడిచమురును సదరన్ పసిఫిక్ రైల్వే లాస్ ఏంజెలెస్ వైపు శుద్ధి కర్మాగారానికి నల్లటి ట్యాంక్ వ్యాగన్లలో తీసుకెళ్లేది. ఫొటోగ్రాఫర్లు దానికి ముద్దుగా 'ఆయిల్ క్యాన్స్' అని పేరు పెట్టుకున్నారు. ఆ వ్యాగన్లను ఒకదానితో ఒకటి లావుపాటి గొట్టాలతో కలిపేవారు. ఒక చివర నుంచి పంపు చేస్తే వరుసలోని వ్యాగన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి నిండేవి. ఒక్కో వ్యాగన్ దగ్గరికి వెళ్లి మూత తీయాల్సిన పనిలేదు. దగ్గర నుంచి తీసిన ఫొటోల్లో రెండు వ్యాగన్ల మధ్య వేలాడే ఆ గొట్టం కనిపిస్తుంది.

పోయేది ద్రవం కాబట్టి ఇంకో సంగతి. ట్యాంకును అంచుదాకా నింపరు. ముడిచమురు ఒక డిగ్రీ వేడెక్కితే దాని ఘనపరిమాణం పదివేల వంతుల్లో సుమారు ఎనిమిది వంతులు పెరుగుతుంది. తెల్లవారుజామున నింపిన లక్ష లీటర్లు మధ్యాహ్నానికి 30 డిగ్రీలు వేడెక్కితే 2,400 లీటర్లు అదనంగా చోటు అడుగుతాయి. అందుకే పైన కాస్త ఖాళీ వదులుతారు. బండి 2 శాతం వాలు ఎక్కుతున్నప్పుడు ట్యాంకు వంగుతుంది గానీ లోపలి చమురు మట్టం వంగదు. 15 మీటర్ల ట్యాంకులో ఒక చివరితో పోలిస్తే రెండో చివర చమురు 30 సెంటీమీటర్లు లోతుగా ఉంటుంది. ట్యాంకు గాజుతో చేసి ఉంటే వాలును చూపించడానికి ఇంత అవస్థ పడక్కర్లేదు!

రెండు శాతం అడిగే బలం

లెక్క కోసం 70 వ్యాగన్ల బండిని ఊహించుకుందాం. నిండిన వ్యాగన్ ఒక్కోటి 120 టన్నులు అనుకుంటే మొత్తం 8,400 టన్నులు. ఒక్కోటి 170 టన్నులుండే ఆరు డీజిల్ ఇంజిన్లు కలిపితే బండి బరువు 9,400 టన్నుల పైమాటే. వాలు మీద ఉన్న వస్తువును భూమ్యాకర్షణ కిందికి లాగే బలం, దాని బరువులో వాలు శాతమంత ఉంటుంది. 9,400 టన్నుల్లో 2 శాతం అంటే 188 టన్నులు. చక్రాలు, బేరింగుల నిరోధాన్ని కలిపితే 200 టన్నులు దాటుతుంది. వంపుల్లో చక్రపు అంచు పట్టాకు రాసుకునే ఘర్షణ దీనికి అదనం. కొండ వంపుల్లో వినిపించే ఆ కీచుమనే చప్పుడు దానిదే.

ఈ లాగుడంతా ఇంజిన్ చక్రం పట్టాను పట్టుకోవడం మీదే ఆధారపడి ఉంటుంది. ఒక్కో చక్రం పట్టాను తాకే చోటు మన చిటికెన వేలి గోరంత ఉంటుంది. పొడి పట్టా మీద ఇంజిన్ తన బరువులో నాలుగో వంతు వరకు లాగగలదనుకుంటే, 1,020 టన్నుల ఇంజిన్లు 255 టన్నుల బలంతో లాగగలవు. సరిపోతుంది. మంచు తడికి ఆ పట్టు నాలుగో వంతు నుంచి ఐదో వంతుకు పడిపోతే? 204 టన్నులే. చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలవుతుంది. అందుకే ప్రతి ఇంజిన్‌లోనూ ఇసుక పెట్టెలు ఉంటాయి. జారుతున్న చక్రం ముందు పట్టా మీద సన్నటి ఇసుకను ఊదుతారు.

ఇక వేగం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో 207 టన్నుల బలాన్ని ప్రయోగిస్తూ పోవాలంటే సుమారు 15,000 హార్స్‌పవర్ కావాలి. 3,000 హార్స్‌పవర్ ఇంజిన్లు ఆరింటికి కాగితం మీద 18,000 ఉన్నా, జనరేటర్లు, మోటార్లలో పోయేది పోగా చక్రాలకు అందేది దాదాపు అంతే. అంటే అంత శక్తి వెచ్చించినా బండి సైకిల్ వేగంతోనే పాకుతుంది. ఫొటో తీసేవాడికి మాత్రం ఇదొక వరం. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

ఆరు ఇంజిన్లనూ ముందే కట్టేస్తే ఒక చిక్కుంది. మొత్తం వ్యాగన్ల లాగుడంతా మొదటి కప్లింగ్ మీద పడుతుంది. వంపులో ఆ లాగుడు వ్యాగన్‌ను లోపలివైపుకు కూడా గుంజుతుంది. దారాన్ని గిన్నె అంచు చుట్టూ తిప్పి రెండు కొసలూ బిగించి లాగితే అది అంచును ఎలా నొక్కుతుందో అలాగే. లూప్‌ను వృత్తం అనుకుంటే దాని వ్యాసార్ధం దాదాపు 183 మీటర్లు. 18 మీటర్ల వ్యాగన్ మీద 165 టన్నుల లాగుడుంటే లోపలికి గుంజే బలం సుమారు 16 టన్నులు. 120 టన్నుల నిండు వ్యాగన్ దానికి చలించదు. కానీ వెనక బరువైన వ్యాగన్లుండి, ముందు 30 టన్నుల పైచిలుకు ఖాళీ ట్యాంక్ వ్యాగన్ తగిలించి ఉంటే ప్రమాదమే. కొండ దారుల్లో కొన్ని ఇంజిన్లను బండి మధ్యలోనో వెనకో పెట్టడానికి ముఖ్య కారణం ఇదే. మన భోర్ ఘాట్‌లో, 37కి 1 వాలున్న కర్జత్ దారిలో వెనక నుంచి నెట్టే ఇంజిన్లను బ్యాంకర్లు అంటాం. అక్కడా ఇక్కడా సూత్రం ఒకటే.

పాత ఫొటోల్లో ఈ బండి ఇంజిన్లను గమనిస్తే ఇంకో విశేషం కనిపిస్తుంది. కొన్నింటికి గాలి పీల్చుకునే జాలీలు పైకప్పు దగ్గర కాకుండా కింద, నడిచే పలక ఎత్తులో ఉంటాయి. సొరంగంలో పొగ, వేడిగాలి పైకి చేరతాయి. పైనుంచి గాలి తీసుకునే ఇంజిన్, ముందున్న ఇంజిన్ వదిలిన వేడినే పీల్చి తానూ వేడెక్కిపోయి చతికిలబడేది. అందుకే సదరన్ పసిఫిక్ లాంటి కొండ రైల్వేల కోసం కింది నుంచి చల్లగాలి తీసుకునే ఇంజిన్లు 1970లలో తయారయ్యాయి. వాటికి 'టన్నెల్ మోటార్' అన్న పేరు అలా వచ్చింది.

కెమెరా ముందు మొదటి చిక్కు: మణికట్టు

బండిని పక్క నుంచి తీస్తున్నారనుకోండి. ఫొటో వెడల్పు 6,000 పిక్సెళ్లు. 2 శాతం వాలు అంటే ఎడమ అంచు నుంచి కుడి అంచుకు పట్టా 120 పిక్సెళ్లు పైకి లేవాలి. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగిందా, అందులో 100కు పైగా పిక్సెళ్లు మాయం! కొండ సమతలమైపోతుంది. అటువైపు ఒరిగితే వాలు రెట్టింపై బండి గోడెక్కుతున్నట్టు కనిపిస్తుంది. మైదానంలో అయితే దిగంతరేఖ చూసి సరిచేసుకోవచ్చు. కొండల్లో ఆ గీత ఉండదు. నిటారుగా ఉన్నవాటిని ఆధారం చేసుకుందామంటే వ్యాగన్లు పట్టాలతో పాటే ఒరిగి ఉంటాయి, కొండవాలు చెట్లను నమ్మలేం. నిలువుగా పాతిన టెలిగ్రాఫ్ స్తంభం, ఇంటి గోడ, లేదా కెమెరాలోని బుడగమట్టమే దిక్కు. ఇంటర్నెట్‌లో కనిపించే 'నిట్టనిలువు' రైలు ఫొటోల్లో చాలావాటికి కొండ కన్నా మణికట్టే కారణమని నా అనుమానం.

రెండో సంగతి లెన్స్. టెలిఫోటో లెన్స్ దూరాన్ని దగ్గరికి నొక్కేస్తుందని అంటుంటారు. నిజానికి ఆ పని చేసేది లెన్స్ కాదు, మనం నిలబడిన చోటు. కిలోమీటరు పొడవున్న బండికి 50 మీటర్ల దూరంలో, ఎదురుగా నిలబడితే, చివరి వ్యాగన్ మన నుంచి 1,050 మీటర్ల దూరంలో ఉంటుంది. కాబట్టి మొదటిది దానికన్నా 21 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. తోక చుక్కంత అయిపోతుంది. అదే కిలోమీటరు వెనక్కి వెళ్లి నిలబడితే మొదటిది చివరిదానికి రెండు రెట్లే. ఇప్పుడు టెలిఫోటోతో ఆ భాగాన్ని పెద్దది చేస్తే వ్యాగన్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తాయి. పొడవు కుంచించుకుపోతుంది, ఎత్తుల్లో తేడా మాత్రం అలాగే ఉంటుంది. అందుకే కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లు ఆ ఫొటోలో అలల్లా లేస్తాయి. అది అబద్ధం కాదు గానీ, వాలును కొలవడానికి పనికొచ్చే ఫొటో కాదు. కొలవాలంటే పక్క నుంచి తీసినదే కావాలి.

దూరం పెరిగితే గాలి అడ్డొస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాని వక్రీభవన గుణకం సుమారు పదిలక్షల వంతుల్లో ఒక వంతు మారుతుంది. చాలా స్వల్పం. కానీ ఎండకు కాగిన రాళ్ల మీదుగా కిలోమీటరు దూరం ప్రయాణించే వెలుగు అలాంటి వేడి, చల్లటి పొరలను లెక్కలేనన్ని దాటాలి. ఫలితంగా వ్యాగన్ల అంచులు నీళ్లలో నీడలా వణుకుతాయి. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దీన్ని సరిచేయలేదు. పొద్దున్నే వెళ్లడమే మందు.

పొద్దున వెలుతురు తక్కువ కదా అంటారా? బండి నెమ్మదిగా పాకడం ఇక్కడే కలిసొస్తుంది. గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు 5.6 మీటర్లు. షట్టర్ సెకనులో 125వ వంతు తెరిచి ఉంటే ఆ లోపు బండి కదిలేది నాలుగున్నర సెంటీమీటర్లు. ఫొటోలో 300 మీటర్ల వెడల్పు పడితే ఒక పిక్సెల్‌కు 5 సెంటీమీటర్లు. కదలిక పిక్సెల్ దాటదు. అదే వందే భారత్ లాంటి బండి అయితే ఇంత తీరిక ఇవ్వదు.

నల్ల ట్యాంకుల మీద కదలని మెరుపు

నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇది. నల్లటి, నున్నటి సిలిండర్ మీద ఎండ పడితే దాని పొడవునా ఒక తెల్లటి చార మెరుస్తుంది. అయితే అది ఎప్పుడూ కనిపించదు. సూర్యుడి నుంచి వచ్చే కిరణం సిలిండర్ అక్షంతో ఎంత కోణం చేస్తుందో, మన వైపు వచ్చే కిరణం అవతలివైపు అంతే కోణం చేయాలి. తిన్నటి దారిలో అన్ని వ్యాగన్ల అక్షాలూ ఒకే దిశలో ఉంటాయి కాబట్టి, దూరం నుంచి చూస్తే మెరిస్తే అన్నీ మెరుస్తాయి, లేదంటే ఏదీ మెరవదు. వంపులో ఒక్కో వ్యాగన్ ఒక్కో దిశలో తిరిగి ఉంటుంది. ఆ షరతుకు తగ్గట్టున్న ఒకటో రెండో వ్యాగన్లు మాత్రమే తళుక్కుమంటాయి. పట్టా మీద ఆ చోటు మారదు. కాబట్టి మెరుపు ఒకేచోట నిలబడి ఉంటుంది, వ్యాగన్లే ఒకదాని తర్వాత ఒకటి దాని గుండా వెళ్తాయి. లూప్‌లో పట్టాలు అన్ని దిశలకూ తిరుగుతాయి కాబట్టి ఎండ ఉన్నంతసేపు ఎక్కడో ఒకచోట ఆ మెరుపుకు అవకాశం ఉంటుంది. చమురు కారి జిడ్డుతో దుమ్ము పట్టిన వ్యాగన్ మాత్రం వెలుగును అన్నివైపులా చెదరగొట్టేసి మసగ్గా వెళ్లిపోతుంది.

నలుపుతో ఇంకో జాగ్రత్త. కెమెరాలోని వెలుతురు మీటరు లోకమంతా మధ్యస్థ బూడిదరంగులో ఉంటుందనుకుంటుంది. ఫ్రేము నిండా నల్ల ట్యాంకులుంటే చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. నలుపు బూడిదవుతుంది, వేసవిలో ఎండిన ఆ కొండల బంగారు రంగు తెల్లగా పాలిపోతుంది. మీటరు చెప్పినదానికన్నా ఒక స్టాప్ తగ్గించి చూడండి.

దిగేటప్పుడు

బేకర్స్‌ఫీల్డ్ నుంచి టెహాచపి కనుమ దాకా ఎక్కాల్సిన ఎత్తు సుమారు 1,100 మీటర్లు. 8,400 టన్నుల చమురు వ్యాగన్లను అంత ఎత్తుకు చేర్చితే వాటిలో నిలువ ఉండే స్థితిశక్తి సుమారు 25,000 యూనిట్ల కరెంటుకు సమానం. నెలకు 250 యూనిట్లు వాడే వంద ఇళ్లకు నెలంతా సరిపోతుంది. అవతలివైపు దిగేకొద్దీ దాన్ని వేడిగా మార్చి బయటకు పంపాలి. ఇంజిన్ మోటార్లనే జనరేటర్లుగా తిప్పి కరెంటును పైకప్పు మీది రెసిస్టర్లలో కాల్చేయడం ఒక పద్ధతి. మిగిలింది బ్రేకు దిమ్మలు, చక్రాల పని. సంధ్యవేళ దిగే బండి చక్రాల దగ్గర నీలంగా పొగ కనిపిస్తే అందంగానే ఉంటుంది. కానీ అది బ్రేకులు కాగుతున్నాయనడానికి గుర్తు.

ఆ పద్దు తప్పితే ఏమవుతుందో 2013 జులై 6న కెనడాలోని లాక్-మెగాంటిక్ పట్టణం చూసింది. 72 ట్యాంక్ వ్యాగన్ల ముడిచమురు బండిని రాత్రికి ఊరికి దాదాపు 11 కిలోమీటర్ల ఎగువన, 1.2 శాతం వాలు మీద నిలిపి ఉంచారు. సుమారు 9,000 టన్నుల బండి. 1.2 శాతం అంటే 108 టన్నుల బలం రాత్రంతా దాన్ని కిందికి లాగుతూనే ఉంది. ఏడు చేతి బ్రేకులు బిగించారు, మిగతా భారం ఇంజిన్ల గాలి బ్రేకుల మీద వదిలారు. ముందున్న ఇంజిన్‌లో మంటలు లేచాయి. ఆర్పేటప్పుడు దాన్ని ఆపేశారు. ఇంజిన్ ఆగడంతో కంప్రెసర్ ఆగింది, గాలి మెల్లగా కారిపోయింది, బ్రేకులు సడలాయి. మనిషి లేని బండి గంటకు 105 కిలోమీటర్ల వేగంతో ఊరి నడిబొడ్డులో పట్టాలు తప్పింది. 63 వ్యాగన్లు పడిపోయాయి. సుమారు 60 లక్షల లీటర్ల చమురు ఒలికి అంటుకుంది. 47 మంది చనిపోయారు. ఆ రాత్రి ఆ వాలును పక్కనుంచి ఫొటో తీసి ఉంటే, 6,000 పిక్సెళ్ల వెడల్పులో 72 పిక్సెళ్ల తేడా వచ్చేది. సమంగా ఉన్న నేలే అనుకుంటాం.

మన దగ్గర ప్రయత్నించాలంటే

అరకు దారి, అంటే కొత్తవలస-కిరండూల్ లైను, ఇందుకు మంచి చోటు. సుమారు 996 మీటర్ల ఎత్తున్న సిమిలిగుడ స్టేషన్ మీదుగా ఆ దారి పోతుంది. అక్కడ ప్రధానంగా కనిపించేవి ఇనుప ఖనిజం బండ్లే అయినా, ఒకే కొలత వ్యాగన్ల వరుస కాబట్టి లెక్కకు లోటేమీ లేదు. వెలుగు విషయంలో మాత్రం తేడా ఉంది. టెహాచపి 35 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉండటంతో అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదంతా దక్షిణానే ఉంటాడు. 18 డిగ్రీల దగ్గరున్న అరకులో మే మధ్య నుంచి జులై చివరి వరకు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా జరుగుతాడు. చలికాలంలో నీడలో ఉండే ఉత్తరపు వాలు అప్పుడు వెలుగులోకి వస్తుంది. కాకపోతే ఆ వెలుగు నిట్టనిలువుగా పడుతుంది, ఆపై వానాకాలం.

పట్టాల మీదికి, సొరంగాల్లోకి, వంతెనల పైకి వెళ్లొద్దు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి చొరబడితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. శిక్ష సంగతి అటుంచినా, ఎక్కే బండి అరుస్తూ వస్తుంది గానీ, దిగే బండి వంపు తిరిగేదాకా వినబడకపోవచ్చు. 9,000 టన్నులు మన కోసం ఆగలేవు. మనకు కావాల్సిన ఫొటో ఎలాగూ దూరం నుంచే బాగా వస్తుంది. ఊరి రోడ్డు, ఎదుటి గుట్ట చాలు.

పట్టాల పక్కన అక్కడక్కడా రెండు చేతులు చాచిన చిన్న గ్రేడియంట్ స్తంభాలు ఉంటాయి. చెయ్యి పైకి లేచి 100 అని ఉంటే అటువైపు 100కి 1 ఎక్కుడు. అలాంటి స్తంభం ఉన్నచోట పక్కనుంచి బండి ఫొటో తీసి, కంప్యూటర్‌లో రెండు అంచుల దగ్గర పట్టా ఎత్తు ఎన్ని పిక్సెళ్లుందో చూసి, వెడల్పును తేడాతో భాగించండి. వచ్చిన అంకె స్తంభం మీది అంకెకు దగ్గరగా ఉంటే కెమెరాను సమంగా పట్టుకున్నట్టే.